కడలిగాలియు, కరవుకాలమును



అమరసింహుడు వాయువునకు చెప్పిన పేళ్లలో 'సదాగతి' యనునది యొకటి. ఎల్లప్పుడును సంచరించునది యని దాని యర్థము. బడిలో బాలురచే ఈ పేరును వల్లె వేయించితినే గాని, ఆ సంచారము ఏటేట నెంత మారునో నేనెన్నడును విచారింపలేదు. ఉద్యోగము చాలించి బీబీపేటలో నుండగా, ఒక రైతు వేసిన ప్రశ్న నన్నీ విచారమునకు దింపినది.

సముద్రములో గాలిమరలు నాటుదురను వార్తను మా యింటి యరుగుమీద పైకి చదువుచుంటిని. ఆయన విని, "పంతులుగారూ! సముద్రం ఏడనో ఉన్నది. ఆడి గాలితోని మన బోరుకేం పని?" యనెను. నేటి నా ప్రసంగ మా ప్రశ్నకు ప్రత్యుత్తరము.

సముద్రముమీద కొండలు, చెట్లు, ఇండ్లు అడ్డము లేవు. అందుచే గాలి నేలమీదికంటె బలముగను, నిలుకడగను వీచును. డెన్మార్కు దేశస్థులు 1991లో విండెబీ యనుచోట కడలిలో 11 గాలిమరలు నిలిపి విద్యుత్తు తీసిరి. ఇట్టివానిలో లోకమున నదియే మొదటిది. పాతిక యేండ్లు పనిచేసిన పిదప 2017లో వానిని తొలగించిరి. మన దేశమున నిందులకు జాతీయ విధానము 2015లో ఏర్పడెను. గుజరాతు, తమిళనాడు తీరములయెదుట 500 మెగావాట్ల చొప్పున గాలిమరలు నిలుపుటకు తోడ్పాటుగా కేంద్రప్రభుత్వము 2024 జూనులో 7,453 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. ఆ సంవత్సరము ముగియునాటికి మన కడలిలో అట్టి మర యొక్కటియు తిరుగుట లేదు.

బీబీపేటకు దీనితో నేమి సంబంధ మందురా? 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు, షోలాపూరుల నడుమ గొప్ప విద్యున్మార్గము తెరవబడి, దక్షిణదేశపు విద్యుజ్జాలము తక్కిన దేశపు జాలముతో కలిసెను. నాటినుండి దేశమంతయు నొక చెరువువంటిది. ఒక వాగు తగ్గినచో ఆ కొరత యెల్ల తూములకును సంబంధించినదే. ఖంభాత్ సింధుశాఖలో పుట్టబోవు విద్యుత్తు మన మోటారుకును కొంత యాధారమగును. దాని లోపము మనకును లోపమే.

ఇక గాలి లెక్క వినుడు. గాలివేగము రెట్టింపైనచో దానిలోని శక్తి రెట్టింపు గాదు, ఎనిమిదింతలగును. వేగమును దానిచేతనే రెండుమారులు గుణింపవలెను. పదిపాళ్ల వేగమునకు శక్తి 1000 అనుకొన్నచో, తొమ్మిదిపాళ్లకు 729 మాత్రమే. వేగము పదింట నొకపాలు తగ్గిన శక్తి నాలుగింట నొకపాలునకు మించి తగ్గును. ఒంటికి తెలియనంత మార్పు మరకు గొప్ప మార్పగును. 2021 వేసవి, శరత్తులయందు ఉత్తర సముద్రముమీద గాలి సన్నగిల్లినప్పుడు, అన్ని గాలిమరలున్న ఇంగ్లండు సయితము బొగ్గుకేంద్రమును మరల రగిల్చుకొనవలసి వచ్చెను.

మన కడలిగాలికి ప్రధానాధారము నైరుతి ఋతుపవనము. మరను త్రిప్పు గాలియు, మబ్బును తెచ్చు గాలియు నొక్కటియే. పసిఫిక్ సముద్రజలములు వేడెక్కు ఎల్ నినో సంవత్సరములలో ఈ పవనము తరచుగా బలహీనపడును. మన వాతావరణశాఖకు నధిపతియైన గిల్బర్టు వాకరు, ఋతుపవనమునకు దూరసముద్రములపై వాయుపీడనముతో గల సంబంధమును శతాబ్దముక్రిందటనే వెదకి చూపెను. ఎల్ నినో వచ్చిన ప్రతియేడును కరవు రాదు. 1997లో అది ప్రబలమైనను వానలు సరిగనే కురిసెను. కాని 2009లో దేశమున వర్షము ఐదింట నొకపాలునకు పైగా తగ్గెను. 2023 ఆగస్టు, 1901 తరువాతి ఆగస్టులన్నిటిలోను మిక్కిలి పొడిగా గడచెను. ఆ మరునెల మొదటిదినమున దేశపు విద్యుదవసరము 2,40,000 మెగావాట్లు దాటి, అంతవరకు నెన్నడును లేనంత పెరిగెను.

ఇచ్చటనే మన రైతు కష్టము దాగియున్నది. వాన లేనియేడు చెరువు నిండదు. కావున బోరు నెక్కువసేపు నడుపవలెను. ఆ యేడే గాలిమర తక్కువ తిరుగు భయమున్నది. అక్కర హెచ్చినప్పుడే రాబడి తగ్గును.

ఇది గాక దీర్ఘకాలపు మార్పు వేరొకటి కలదు. వేసవిలో నేల కాగి, కడలి చల్లగానుండు భేదమే ఋతుపవనమును నడుపును. హిందూమహాసముద్రము వేడెక్కినకొలది ఆ భేదము తగ్గును. ఇందువలన 1980 తరువాతి దశాబ్దములలో భారతదేశపు గాలిశక్తి క్షీణించెనని హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిరి. అతివృష్టి వలె అతివాతమును కలదు. గాలి గంటకు 90 కిలోమీటర్లు మించినచో సామాన్యముగా మరలు తమ్ము కాపాడుకొనుటకై ఆగిపోవును. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుఫానుగాలి దానికి రెట్టింపు వేగము గలది.

అట్లని ప్రయత్నము మానవలెనని నేననను. బొగ్గుపొగ యీ వేడిని పెంచుచుండగా గాలి నుపేక్షించుట తగదు. కొలత మాత్రము సరిగా నుండవలెను. ఖంభాత్ సింధుశాఖలో 2017 నవంబరున గాలిని కొలుచు యంత్రము నిలిపిరి. అట్టి కొలత యొకటి రెండేండ్లదే యైనచో, అవి మంచి యేండ్లో చెడ్డ యేండ్లో తెలియదు. కనుక దానిని దశాబ్దముల వాతావరణ లెక్కలతో సరిపోల్చి, కరవుయేటి గాలి యెంతయో తేల్చవలెను. అన్ని మరలను ఒకచోట నాటరాదు. మన్నార్ సింధుశాఖకు చలికాలమున ఈశాన్య పవనము గూడ తోడగును. మబ్బు లేనియేడు ఎండ యధికము; సూర్యకాంతితో తీయు విద్యుత్తు కొంత లోటు తీర్చును. శ్రీశైలము ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రములో మిగులు విద్యుత్తుతో నీటిని మరల పైకి తోడి దాచు నేర్పాటున్నది. అట్టివి మరికొన్ని కావలెను.

మన పెద్దలు చెరువు కట్టునప్పుడు నిండిన యేటినే చూచి ఆయకట్టు నిర్ణయింపలేదు. ఎండిన యేటిని గూడ తలచిరి. గాలికిని ఆ లెక్కయే కావలెను. ఆ రైతునకు నేనిట్లు చెప్పితిని: "సముద్రపు గాలి మన బోరుకు తోడగును. అయినను కరవుయేట అది తగ్గవచ్చును గనుక, మన చెరువు పూడిక మనము తీసికొనవలె. తక్కువ నీటి పంట వేసికొనవలె." ఆయన తల యూపి, "అట్లయితే రెండూ కావాలె" ననెను. నేను చెప్పదలచినదియు నింతియే.