కొలత గల్లీ నుంచి మొదలువెట్టాలె
(నారాయణపేట సభల చేసిన ప్రసంగం)



మహానగర పోలీసును ఎట్ల కొలవాలె? ఠాణాలు లెక్కబెట్టా, జీపులు లెక్కబెట్టా? అమెరికాల ఎలినార్ ఆస్ట్రోమ్ బృందం 1970లల్ల 80 మహానగర ప్రాంతాలను పనివారీగ కొలిచింది. గస్తీ ఎవరిది, ట్రాఫిక్ ఎవరిది, దర్యాప్తు ఎవరిది, ప్రయోగశాల ఎవరిది అని విడదీసి చూసింది. గల్లీ గస్తీల పెద్ద దళాలు చిన్న దళాలను మించలేదని తేల్చింది.

ఆమెకు 2009 అక్టోబర్‌ల నోబెల్ ప్రకటించిన్రు. అదే నెల మనకు గాయమైంది. అప్పుడు పాలమూరు, హైదరాబాద్ రెండూ ఆరో జోన్లనే ఉండె. అయినా 1975 రాష్ట్రపతి ఉత్తర్వులల్ల 14ఎఫ్ క్లాజు నగర పోలీసు కొలువులను స్థానిక రిజర్వేషన్ బయట పెట్టింది. సుప్రీంకోర్టు తీర్పుతోని హైదరాబాద్ ఫ్రీజోన్ అయింది. మనం రోడ్డెక్కినం. 2011ల ఆ క్లాజును తీసేసిన్రు.

2003ల సైబరాబాద్, 2016ల రాచకొండ కమిషనరేట్లు వచ్చినయి. విడగొడితేనే సరిపోదు. అడ్డా మీది పాలమూరు కూలి ఠాణా మెట్లెక్కితే కూసోమంటున్రా? ఫిర్యాదు రాసుకుంటున్రా? కొట్లాడి తెచ్చుకున్న కొలువుల్ల ఉన్న మన పిల్లలు గూడ ఈ లెక్కకు జవాబు చెప్పాలె. మనం అడుగుతనే ఉండాలె.