మందు ఇచ్చే చేయి, మాట దాచే నోరు

మేళ్లచెరువు ఆస్పత్రికి సిమెంటు ఫ్యాక్టరీ కూలీ ఒకాయన దగ్గుతో వచ్చాడనుకోండి. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. సాయంత్రం బస్టాండులో పక్కింటామె అడుగుతుంది: "సిస్టరమ్మా, మా బావకు ఏమొచ్చిందంట?" అడిగింది ప్రేమతోనే. కానీ నర్సమ్మ నోరు జారితే రేపటికి ఊరంతా తెలుస్తుంది, ఆయన మందులకు రావడం మానేస్తాడు. అట్లని ఇంట్లోవాళ్లకు పరీక్షలు చేయించకుండా ఊరుకోనూ లేం. ఆ మాట ఆయనతోనే చెప్పించాలి. ఇది ఇంజెక్షన్ వేయడం కన్నా కష్టమైన విద్య.

ఈ విద్యను ఇప్పుడు తరగతిలోనే నేర్పుతున్నారు. సూర్యాపేట, నల్గొండ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైన 2019లోనే దేశమంతటా ఎంబీబీఎస్‌లో నీతి, ప్రవర్తన, రోగితో మాట్లాడే తీరు పాఠాలయ్యాయి. 2021 నాటి బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లోనూ వృత్తి నీతికి చోటుంది.

మాట దాచడంతో పాటు రోగి ఒప్పుకోలు గురించి విద్యార్థులకు తప్పక చెప్పాల్సింది 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు. పరీక్ష కోసమని మత్తిచ్చిన ఒకామెకు, బయట కూర్చున్న తల్లి సరేనందని గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, ఊహ తెలిసిన మనిషి తరఫున తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. మన దగ్గర భర్తనో కొడుకునో పిలిచి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. నన్నడిగితే, నర్సింగ్ పరీక్షలో ఒప్పుకోలు మీద రాత ప్రశ్న ఒక్కటీ వద్దు. చదువురాని అవ్వకు ఆపరేషన్ గురించి ఆమె మాటల్లోనే చెప్పించి, ఆమెకు ఏం అర్థమైందో తిరిగి అడిగించి, దానికే మార్కులు వేయాలి.