నడుము చుట్టుకొలత – పెద్దపేగు క్యాన్సర్
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. 28 ఏళ్ళుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్న మాస్టార్ని. జీర్ణవ్యవస్థ పాఠంలో చిన్నపేగుకు రెండు పీరియడ్లు ఇస్తాం. ఆంత్రచూషకాల బొమ్మ వేయిస్తాం, పరీక్షలో వస్తుందని భాగాలు గుర్తింపజేస్తాం. పెద్దపేగు దగ్గరికొచ్చేసరికి "నీటిని పీల్చుకుంటుంది, మలాన్ని నిల్వ ఉంచుతుంది" అని ఒక్క ముక్క చెప్పేలోపు గంట కొట్టేస్తారు. ఆ ఒక్క ముక్కలో దాటేసే అవయవం గురించి ఈసారి నేను మాట్లాడతానని కార్యదర్శి గారిని అడిగి మరీ అవకాశం తీసుకున్నాను. అందుకు కారణం మా బావగారు.

బావగారిది బట్టల దుకాణం. పొద్దున పదింటికి గద్దె మీద కూర్చుంటే రాత్రి తొమ్మిదింటికి లేచేవారు. మధ్యాహ్నం భోజనం క్యారియర్లో అక్కడికే వచ్చేది. నలభై దాటాక బొజ్జ వచ్చింది. మన ఇళ్ళలో దాన్నెవరూ జబ్బు కింద కట్టరు కదా, బర్కత్ అని నవ్వుకుంటారు. 52వ ఏట విరేచనంలో రక్తం కనిపించింది. మొలలే అనుకున్నారు. ఎవరో చెప్పిన లేహ్యం, ఇంకెవరో ఇచ్చిన పూత మందు, అలా 14 నెలలు గడిచాయి. సిగ్గుతో మా ఆపాకు కూడా చెప్పలేదు. ఆ తర్వాత మనిషి తగ్గడం మొదలుపెట్టారు. ఒక వలీమాలో కలిసినప్పుడు షేర్వానీ వదులైంది. "భాయ్, పొద్దున నడక బాగా పనిచేస్తోంది, బొజ్జ పోయింది" అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. జీవశాస్త్రం మాస్టార్ని!

నెల తిరక్కుండా మెట్లెక్కలేని నీరసం. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7. కొలనోస్కోపీ చేశారు. పెద్దపేగు ఎడమవైపు క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. రెండేళ్ళు పోరాడి వెళ్ళిపోయారు.

బొజ్జ వల్లే వచ్చిందా అని ఆపా డాక్టరుగారిని అడిగింది. ఒక్క మనిషి విషయంలో అలా తేల్చి చెప్పలేమమ్మా అన్నారాయన. అది న్యాయమైన జవాబు. సన్నగా ఉన్నవాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది. లావుగా ఉన్న ఎక్కువమందికి రాదు. కానీ లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించి లెక్కవేస్తే తేడా స్పష్టంగా కనబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ఆ అధ్యయనాలన్నీ ముందేసుకుని, ఒంట్లో అధిక కొవ్వు లేకపోతే 13 రకాల క్యాన్సర్ల ముప్పు తగ్గుతుందని తేల్చింది. వాటిలో పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్ ఒకటి. ఊబకాయం బాగా ఉన్నవాళ్ళకు ఆ ముప్పు మామూలు బరువు వాళ్ళకంటే సుమారు 1.3 రెట్లు.

1.3 రెట్లంటే ఎంత? ఒక ఊళ్ళో వెయ్యిమందిలో పదిమందికి ఈ జబ్బు వచ్చేదనుకోండి. అదే వెయ్యిమందీ ఊబకాయులైతే పదమూడు మందికి వస్తుంది. ముగ్గురే కదా అనిపిస్తుంది. ఆ ముగ్గురిలో ఒకరు మన ఇంటి మనిషైతే లెక్క వేరుగా ఉంటుంది.

2008లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం బీఎంఐ 5 పెరిగిన కొద్దీ పెద్దపేగు క్యాన్సర్ ముప్పు మగవాళ్ళలో 24 శాతం, ఆడవాళ్ళలో 9 శాతం పెరుగుతుంది. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి బీఎంఐ 5 పెరగడమంటే సుమారు 13, 14 కిలోలు. పెళ్ళి ఫోటోలో ఉన్న మనకూ, ఇప్పటి మనకూ తేడా అంతే ఉంటుంది చాలామందికి. మగవాళ్ళకే ఎక్కువ ఉండటానికి ఒక కారణం, మనకు కొవ్వు ముందు పొట్టలోకే చేరడం కావచ్చు.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు. చర్మం కింద పట్టే కొవ్వు వేరు, పొట్టలోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పట్టే కొవ్వు వేరు. ఈ లోపలి కొవ్వు ఊరికే ఉండదు. దానివల్ల ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినదు. అందుకని క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఇన్సులిన్ అంటే మనకు షుగరే గుర్తొస్తుంది గానీ, అది కణాలను పెరగమని, విభజన చెందమని కూడా చెబుతుంది. పెద్దపేగు లోపలి పొర కొద్దిరోజులకోసారి కొత్తగా తయారవుతూ ఉంటుంది. ఎన్నిసార్లు విభజన జరిగితే అన్నిసార్లు నకలు తప్పు పడే అవకాశం ఉంది, పిల్లలు నోట్సు ఎత్తిరాసేటప్పుడు పడినట్టే. పైగా ఆ కొవ్వు నుంచి సన్నగా, ఎడతెగకుండా వాపు కలిగించే రసాయనాలు వస్తుంటాయి. తప్పులు పేరుకున్న చోట పాలిప్ అనే చిన్న బుడిపె లేస్తుంది. చాలా పాలిప్‌లు అలాగే ఉండిపోతాయి. కొన్ని క్యాన్సర్‌గా మారతాయి, అందుకు తరచు పదేళ్ళ దాకా పడుతుంది. క్యాన్సర్‌గా మారకముందే కనిపెడితే చాలావాటిని కొలనోస్కోపీతోనే తీసేయొచ్చు.

మన దేశంలో ఈ క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే చాలా తక్కువే. కానీ బరువుల్లో మనం వాళ్ళ దారే పట్టాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 30 మందికి పైగా పెద్దవాళ్ళు బీఎంఐ 25 దాటినవాళ్ళే. అదే బరువున్న యూరప్ మనిషికంటే మనకు పొట్టలోపలి కొవ్వు ఎక్కువ. అందుకే భారతీయులకు 23 దాటితేనే అధిక బరువంటారు. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదంటారు.

తిండి సంగతి ఎత్తితే భోజనాల దగ్గర నన్ను తిట్టుకుంటారని తెలుసు, ఇవాళ వంటశాల నుంచి బగారా అన్నం వాసన ఇక్కడిదాకా వస్తోంది. కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మేక, గొర్రె, పశుమాంసం అన్నీ కలిపి వండిన తర్వాత వారానికి అరకిలో దాటకుండా తినమని క్యాన్సర్ నిపుణుల సలహా. బక్రీద్ తర్వాత ఉప్పు పట్టించి దాచుకునే ఎండుమాంసం వారాల తరబడి రోజూ తినే అలవాటు మంచిది కాదు. జొన్నరొట్టె, పప్పులు, ఆకుకూరల్లోని పీచు పేగుకు మేలు చేస్తుంది. నడక కూడా అంతే. బరువు తగ్గకపోయినా నడక ఈ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుంది.

నాకు తిండికంటే ముఖ్యమనిపించేది సిగ్గు. మలంలో రక్తం, అలవాటు మారి మూడు వారాలకు మించి విరేచనాలో మలబద్ధకమో ఉండటం, కారణం తెలియని రక్తహీనత, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం. వీటిలో ఏదున్నా డాక్టరుకు చెప్పాలి. మొలలే కావచ్చు. మొలలే అని డాక్టరు చూసి చెప్పనివ్వండి. బరువు తగ్గితే మెచ్చుకునే ముందు "తగ్గాలని తగ్గావా?" అని ఒక్కమాట అడగండి. ఆ మాట మా బావగారిని నేను అడగలేదు.

ఇక దాతలకు ఒక మనవి. మన ఉచిత వైద్య శిబిరంలో షుగరు, బీపీ చూస్తున్నాం. ప్రభుత్వ శిబిరాల్లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలున్నాయి. పెద్దపేగుకు అలాంటి దేశవ్యాప్త కార్యక్రమం లేదు. మనం రెండు పనులు చేయొచ్చు. పేరు రాసే బల్ల దగ్గర దర్జీ టేపు ఒకటి పెట్టడం మొదటిది, దానికి ఖర్చే లేదు. రెండోది, అనుమానం ఉండి డాక్టరు కొలనోస్కోపీ రాసిన పేదవారికి ఆ ఖర్చు సొసైటీ పెట్టుకోవడం. ఒక్కో పరీక్షకు వేలల్లో అవుతుంది. రోజుకూలీ మనిషి "తర్వాత చూద్దాం" అనేది అక్కడే. ఏడాదికి పదిమందికి సరిపడా నిధి విడిగా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. బావగారి పేరున మా ఆపా మొదటి ఇద్దరి ఖర్చు ఇస్తానంది.

టేపు బల్ల దగ్గర మగవాళ్ళ వైపు నేను కూర్చుంటాను. ఆడవాళ్ళ వైపు మా బడి మేడమ్‌లు ఇద్దరు పరదా వెనక కొలవడానికి ఒప్పుకున్నారు. చొక్కా పైకెత్తి, ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన కొలవాలి. పొట్ట లోపలికి లాక్కోవద్దు, టేపు పట్టుకున్నవాడికి తెలిసిపోతుంది. నాది నిరుడు 98 ఉండేది. మొన్న శుక్రవారం చూసుకుంటే 94.