శస్త్రచికిత్సయు శరీరపు వేడియు



మన గ్రామముల నుండి శస్త్రచికిత్సకై వరంగల్లు ఎం. జి. ఎం. ఆసుపత్రికి అనేకులు పోవుచుందురు. మత్తుమందు పుచ్చుకొన్న మొదటి గంటలోనే దేహాంతర్గతమైన వేడి చర్మమునకు, కాలుసేతులకు ప్రసరించి 1 మొదలు 1.5 డిగ్రీల సెంటీగ్రేడు వరకు తగ్గవచ్చును. అది 36 డిగ్రీలకు దిగువైనచో రక్తస్రావము హెచ్చుట, గాయము చీముపట్టుట, మెలకువ ఆలస్యమగుట సంభవింపవచ్చును.

వృద్ధులకు, పసిబిడ్డలకు, బక్కచిక్కినవారికి ఈ అపాయము అధికము. ఉదరమును తెరచి దీర్ఘకాలము చేయు చికిత్స, చల్లని గది, చల్లని సెలైను దీనిని మరింత పెంచును.

కావున రోగి వెంట ఉతికిన దుప్పట్లు పంపుడు. చికిత్సకు ముందునుండియే వెచ్చగా కప్పియుంచవలెను. మత్తు వీడని రోగికి వేడినీటి సీసా తగిలింపరాదు. చర్మము కాలినను అతడు చెప్పలేడు. వణకు కనిపించినచో చలిజ్వరమని ఊరకుండక తక్షణమే నర్సుకు తెలుపుడు. ఈ మాట ప్రతి ఇంటికిని చేర్చుట మీ బాధ్యత.