కంటికో మాట, యంత్రానికో మాట

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనలో క-భాష మాట్లాడని వాళ్ళెవరైనా ఉన్నారా? ప్రతి అక్షరం ముందూ ఒక 'క' తగిలించి 'కనుకవ్వు కరా' అంటే పక్కవాడికి అర్థమయ్యేది, పంతులుగారికి అర్థం కాలేదని మనం అనుకునేవాళ్ళం. ఆయనా ఒకప్పుడు బడిపిల్లాడేనని మనకు తోచేది కాదు. కాగితం మీద నిమ్మరసంతో రాసి, దీపం సెగ చూపిస్తే గోధుమరంగు అక్షరాలు తేలడం ఇంకో సరదా. అప్పుడు మనం దాచింది మనుషుల కళ్ళ నుంచి, చెవుల నుంచి. ఇప్పుడు మూడో చదువరి వచ్చాడు. కాగితాన్ని ఫొటో తీస్తే అందులోని అక్షరాలను గుర్తుపట్టి, దిద్దుకోవడానికి వీలుగా టైపు చేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. దాన్నే ఓసీఆర్ అంటారు. పిల్లలకు అర్థమయ్యేలా ఇంజనీరింగు సంగతి ఏదైనా చెప్పమని సంఘం వారు అడిగారు. అందుకని ఈ మూడో చదువరితో ఆడే దాగుడుమూతలు కొన్ని చెబుతాను.

నలుపు, తెలుపు తప్ప లోకంలో వేరే రంగులు లేవనుకునే రకం ఈ చదువరి. చాలా ఓసీఆర్ పద్ధతుల్లో మొదటి పని రంగుల ఫొటోను బూడిదరంగులోకి మార్చడం. తర్వాత ఒక్కో చుక్కా నలుపో తెలుపో తేల్చేస్తారు. కంప్యూటర్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. బూడిదరంగు లెక్క కట్టడానికి మామూలుగా ఎరుపులో 0.299 వంతు, ఆకుపచ్చలో 0.587 వంతు, నీలంలో 0.114 వంతు తీసుకుని కలుపుతారు. ఇక పిల్లలు లెక్క వేసి చూడండి. ఎరుపు 255 అయితే బూడిద విలువ దాదాపు 76. ఆకుపచ్చ 130 అయినా దాదాపు 76. అంటే అలాంటి ఆకుపచ్చ నేల మీద అలాంటి ఎర్ర అక్షరాలు రాస్తే మనం దూరం నుంచి కూడా చదువుతాం. రంగు తీసేసిన యంత్రానికి మాత్రం అది ఉత్త పలక. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన వర్ణాంధత్వ పరీక్ష పటాల్లోనూ చుక్కల మధ్య అంకె దాగేది ఈ సూత్రం మీదే. దాన్ని రంగు తేడా పట్టిస్తుంది, వెలుగు తేడా పట్టించదు.

బయటికి మామూలు ఉత్తరంలా ఉంటూ లోపల ఇంకో ఉత్తరాన్ని మోసే పద్ధతి యంత్రాలు రాకముందే ఉంది. ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ బేకన్ 1623లో వెలువడిన గ్రంథంలో దాన్ని వివరించాడు. ప్రతి అక్షరానికీ కొద్ది తేడాతో రెండు రకాల అచ్చులు పెట్టుకోవాలి. అయిదేసి అక్షరాలను ఒక గుంపుగా తీసుకుంటే 32 కలయికలు వస్తాయి. ఆనాటి వాళ్ళ 24 అక్షరాలకు అవి సరిపోయాయి. మన 56 అక్షరాలకు చాలవు కాబట్టి ఆరేసి తీసుకుంటే 64 వస్తాయి. 1918లో అమెరికాలో విలియం ఫ్రీడ్‌మన్ తన దగ్గర సంకేతలిపి నేర్చుకున్న వాళ్ళతో గ్రూపు ఫొటో తీయించాడు. అందులో కెమెరా వైపు చూసేవాళ్ళు ఒక రకం, పక్కకు తిరిగినవాళ్ళు రెండో రకం. వరసగా చదివితే 'జ్ఞానమే శక్తి' అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాట వస్తుంది. మనుషులు సరిపోక చివరి అక్షరం మిగిలిపోయింది! ఓసీఆర్ ఈ సందేశాన్ని పట్టలేదు. అది అక్షరం ఏదో చూసుకుని, అక్షరం తీరును పారేస్తుంది. పారేసే దాంట్లో దాచడమే ఇక్కడ తెలివి.

డిజిటల్ ప్రతుల్లో దాక్కోవడానికి ఇంకో మూల ఉంది. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, వెతకడానికి వీలయ్యే పీడీఎఫ్‌గా మారిస్తే, మనకు కనబడేది పేజీ బొమ్మ. ఓసీఆర్ గుర్తుపట్టిన అక్షరాలు దానితోపాటు కంటికి ఆనని ఇంకో పొరగా ఉంటాయి. మనం వెతికినా, కాపీ చేసినా వచ్చేది ఆ పొరలోంచే. ఆ పొరను మార్చితే బొమ్మలో 'పాలు' ఉంటుంది, కాపీ చేస్తే 'పాయసం వంటింట్లో ఉంది' అని వస్తుంది. ఏమీ మార్చకపోయినా, ముద్రణ మసకగా ఉంటే 'పాలు' కాస్తా 'వాలు' కావచ్చు. మన సున్న, ఇంగ్లీషు 'ఓ' అక్షరం, అంకె సున్న మూడూ గుండ్రాలే. కంటికి ఒక్కలా కనబడినా కంప్యూటరుకు అవి మూడు వేర్వేరు సంకేతాలు.

కిటుకులన్నిటి వెనకా ఉన్న సంగతి ఒక్కటే. మనిషి చదివిందీ యంత్రం చదివిందీ ఒకటే కావాలన్న నియమం లేదు. సరదాకి చేస్తే ఇది ఆట, సరదా దాటితే చిక్కు. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్ ఒక సంగతి బయటపెట్టాడు. ఇంటి ప్లానును స్కాన్ చేస్తే 21.11 చదరపు మీటర్ల గది 14.13గా వచ్చింది. ఫైలు చిన్నది కావడానికి, ఒకే పోలికలో ఉన్న ముక్కలను ఒకటేననుకుని ఆ యంత్రం ఒకదాని చోట ఇంకోటి అతికించింది. మసక లేదు, మరక లేదు. అంకె స్పష్టంగా ఉంది, కానీ తప్పు. 2025లోనైతే కొన్ని పరిశోధన పత్రాల్లో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో, పరిశీలించే కృత్రిమ మేధకు 'మెచ్చుకో' అని ఆదేశాలు దాచినట్టు వార్తలొచ్చాయి. మన మార్కుల జాబితాలు, పొలం కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు అన్నీ ఇప్పుడు స్కానింగు దారిలోనే నడుస్తున్నాయి. తాతగారి చేతిలోని దస్తావేజులో ఒక అంకె, తెర మీద ఇంకో అంకె ఉంటే, 'కంప్యూటర్లో ఇలాగే ఉందండీ' అన్న మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఈ ఆట ఆడిన పిల్లకు ఉంటుంది.

జేబులో ఫోను ఉన్న ప్రతి పూర్వ విద్యార్థికీ నాదొక విన్నపం. నెలకో శనివారం సాయంత్రం ఒక గంట మన పిల్లల కోసం కేటాయించండి. ఒక జట్టు మనిషి చదవగలిగి ఫోను చదవలేని చీటీ తయారు చేయాలి. రెండో జట్టు ఫోను చదవగలిగి మనిషి కంటికి ఆనని చీటీ తయారు చేయాలి. ఏ అక్షరం ఎక్కడ తప్పుగా వచ్చిందో పుస్తకంలో రాసుకోవాలి. తలకట్టు, ఒత్తు, పొట్టలో చుక్క ఎందుకున్నాయో వాళ్ళకు అప్పుడు తెలుస్తుంది. ఎవరినీ కించపరిచే మాట దాచకూడదు, ఇతరుల కాగితాల మీద ఆడకూడదు, పరీక్ష గదికి ఈ ఆట రాకూడదు. ఆ చెయ్యి తిరిగాక మన బడి పాత లిఖిత పత్రికలను స్కాన్ చేసే పని వాళ్ళకే అప్పగిద్దాం. యంత్రం ఇచ్చింది రఫ్ నోటు. మూలంతో పోల్చి, ఇద్దరు సరిచూశాకే ఫెయిర్ నోటు. స్కాన్ అయిపోయింది కదా అని అసలు కాగితాన్ని మాత్రం ఎవరూ పారేయవద్దు. రేపు తగువు వస్తే సాక్ష్యం చెప్పేది అదే.

జేగంట కొట్టేలోపు ముగిస్తాను. ఈ ప్రసంగంలో కూడా ఒక మాట దాచాను. సావనీరులో అచ్చయ్యాక, ఒక్కో పేరా మొదటి అక్షరాన్ని పైనుంచి కిందికి చదవండి. రంగుల్లో దాస్తే నలుపు తెలుపు అచ్చులో పోతుంది, అచ్చుల తేడాలో దాస్తే టైపు చేసేటప్పుడు పోతుంది. అందుకే పేరాల్లో దాచాను. చోటు చాలదని సంపాదకులు రెండు పేరాలు కలిపేస్తే మాత్రం నా రహస్యం అక్కడే సరి! దొరికినవాళ్ళు పక్కవాళ్ళకు చెప్పకండి, వాళ్ళనీ వెతకనివ్వండి.