కార్ఖానా చేతుల పాట

గనుల్లో ప్రాణాలు విడిచినవారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి ఇంగ్లండు హార్డ్ రాక్ పాటను విషయంగా ఎంచుకోవడానికి కారణం ఉంది. బ్లాక్ సబాత్ బృందం 1970లో విడుదల చేసిన ‘పారనాయిడ్’ సింగిల్, బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ అనే కార్మికవాడ కుర్రాళ్లు చేసిన పాట. దాని గురించి అందరూ చెప్పే మాట ఒకటే, అరగంటలోపు తయారైందని. ఆ అరగంట వెనుక ఏళ్ల శ్రమ ఉందని, దాన్ని లెక్కలోకి తీసుకోనందువల్లే తొలి విమర్శకులు ఈ సంగీతాన్ని తక్కువగా తూచారని నా వాదన.

ముందు గిటార్ వాయించిన టోనీ అయోమి చేతుల సంగతి చూద్దాం. పదిహేడేళ్ల వయసులో రేకుల కార్ఖానాలో, పని మానేస్తున్న చివరి రోజున, యంత్రంలో పడి ఆయన కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కనుక తంతుల మీద అదిమేది ఆ కుడిచేతి వేళ్లే. అప్పుడు ఫోర్‌మన్ ఆయనకు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గొప్పగా వాయించిన గిటారిస్టు ఆయన. అయోమి గిన్నెలు తోమే ద్రవం ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేళ్లకు తొడుగులు చేసుకుని, పైన తోలు అతికించుకున్నాడు. గట్టి తంతులు నొప్పి పెడుతుంటే బాంజో తంతులు తెచ్చి గిటార్‌కు బిగించాడు. పనిముట్టును తన చేతికి తగ్గట్టు మార్చుకోవడం కార్ఖానాలో పనిచేసినవాడికి తెలిసిన విద్యే.

1970 జూన్‌లో లండన్ స్టూడియోలో రెండో ఆల్బమ్ రికార్డు చేస్తుండగా సుమారు మూడు నిమిషాల నిడివి తక్కువ పడింది. నిర్మాత రోజర్ బెయిన్ ఇంకో పాట అడిగాడు. మిగతావాళ్లు భోజనానికి వెళ్లిన వేళ అయోమి వరస కట్టాడు. గీజర్ బట్లర్ గబగబా సాహిత్యం రాశాడు, ఓజీ ఆస్‌బర్న్ పాడాడు, బిల్ వార్డ్ డ్రమ్స్ అందుకున్నాడు. అంతకుముందే హాంబుర్గ్ క్లబ్బులో రోజుకు ఎన్నో విడతలు వాయించి ఒకరి అడుగు ఒకరికి తెలిసినవాళ్లు వాళ్లు. లేకపోతే ఆ వేగం సాధ్యమయ్యేది కాదు. ఖాళీ పూరించడానికి చేసిన ఆ పాట బ్రిటన్ సింగిల్స్ జాబితాలో 4వ స్థానానికి ఎక్కింది. అమెరికాలో 61 దగ్గరే ఆగింది. ‘వార్ పిగ్స్’ అని పెట్టాలనుకున్న ఆల్బమ్‌కు చివరికి ఈ పాట పేరే పెట్టారు. మొదటి పేరుకు తగ్గట్టు పెట్టిన, కత్తీ డాలూ పట్టిన మనిషి బొమ్మ మాత్రం అట్టమీద అలాగే ఉండిపోయింది.

ఇది అదృష్టం కలిసొచ్చిన గోల తప్ప సంగీతం కాదని కొందరంటారు. ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ వీరి మొదటి ఆల్బమ్‌ను ఎద్దేవా చేశాడు. కానీ అదృష్టం ఒక్క వేసవి నిలుస్తుంది. 2025 జులై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో ఓజీ తన చివరి కచేరీని ముగించింది ఈ పాటతోనే, యాభై అయిదేళ్ల తర్వాత. నిరాశ నూరిపోసే పాట అన్నది మరో అభ్యంతరం. మనసు కుంగి, సంతోషం ఎక్కడా దొరకని మనిషి గోడు ఇందులో ఉంది, నిజమే. తనకూ ఆ కుంగుబాటు ఉండేదని బట్లర్ తర్వాత చెప్పాడు. మగవాడు అలాంటి బాధ పైకి చెప్పుకోవడం నామోషీ అనుకునే వాడల్లో ఆ మాట వినబడటం మేలే చేస్తుంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి: వేళ్లు తెగడాన్ని వరమని చెబుతున్నామా? ఎంతమాత్రం కాదు. ప్రమాదం ప్రమాదమే, ఆ యంత్రానికి మనం కృతజ్ఞత చెప్పనక్కరలేదు. ఘనత గాయానిది కాదు, దాన్ని దాటిన మనిషిది. అంతటి మనుషులు మన మందమర్రి కళ్యాణిఖని బొగ్గుబాయిల్లోనూ ఉన్నారు. తట్టా, చెమ్మస్ అనే పారతో బొగ్గెత్తిన చేతులే సాయంత్రం డప్పు పట్టి, గజ్జె కట్టి పాడిన పాటలు ఈ బొగ్గుబావుల నేలలో ఎన్నో పుట్టాయి. గిటార్ దొరికిన చోట గిటార్, డప్పు ఉన్న చోట డప్పు.

‘పారనాయిడ్’ ఏ పూట, ఎవరి చేత, ఎలా పుట్టిందో ప్రపంచానికి తెలిసింది చేసినవాళ్లు చెప్పగా ఇతరులు రాసిపెట్టడం వల్ల. మన పాటలకూ ఆ పని జరగాలి. పాట ఎవరు కట్టారు, ఏ సమ్మెలో, ఏ గని మీద పాడారు, వెంట ఏ వాయిద్యం మోగింది అన్నవి పెద్దల నోట వినగలిగిన ఈ రోజుల్లోనే రికార్డు చేయండి. మందమర్రి యువకులకు నా విన్నపం ఇదే.