లీటరుకు ఎంత ఇస్తుంది?

టీవీలో కారు ప్రకటన ఎలా ఉంటుంది? కొండదారి. ఖాళీ రోడ్డు. నల్లకళ్లద్దాల కుర్రాడు ఒక్కడే. మరి మన కార్లలో ఎవరుంటారు? అమ్మ, నాన్న, పిల్లలు, తాతయ్య, కాళ్ల దగ్గర ఓ ఆవకాయ జాడీ.

ఈ సంగతి కనిపెట్టిన ప్రకటనలే మనకు గుర్తుండిపోయాయి. మారుతీ వాళ్లది ఒకటుంది. ఓ సిక్కు పిల్లాడు ఇల్లంతా బొమ్మకారు తిప్పుతుంటాడు. తండ్రి విసుక్కుంటాడు. పెట్రోలు అయిపోవడం లేదు, నేనేం చేయను అంటాడు వాడు. అంతే! వేగం మాట లేదు, దర్పం లేదు. తర్వాత అదే కంపెనీ ఇంకో వరస నడిపింది. ఎంత గొప్ప యంత్రం చూపించినా మనవాడు అడిగేది ఒకటే: ఎంత ఇస్తుంది?

1998లో హ్యుందాయ్ శాంట్రో వచ్చింది. అప్పటికి ఇక్కడ ఆ కంపెనీ కొత్త. అందుకే ప్రకటనలో షారుఖ్ ఖాన్ చేతనే అనుమానాలన్నీ అడిగించారు. మన ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలే అవి. కారు పైకప్పు ఎత్తు. చూడ్డానికి అదోలా ఉందన్నారు కొందరు. కానీ చీర కట్టుకున్న అమ్మమ్మ పెద్దగా వంగకుండా ఎక్కి కూర్చుంది. నా లెక్కలో అదే అసలు ప్రకటన.

ఒక్కమాట. ప్రకటనలో చెప్పే మైలేజీ పరీక్షలో వచ్చిన లెక్క. ఊళ్లో ట్రాఫిక్‌లో, ఏసీ వేస్తే, అది తగ్గుతుంది. అందుకని ఆ లెక్క ఒక్కటే చూసి కొనకండి. షోరూముకి ఒక్కరే వెళ్లకండి. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లండి. వెనకసీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టండి. డిక్కీలో మీ పెద్ద సూట్‌కేసు పెట్టి చూడండి. ఎక్కడం, దిగడం ఎలా ఉందో తాతయ్యని అడగండి. అడ్వాన్సు ఆ తర్వాతే.